‘కుదురని’ స్పిన్లా, ‘కుదరని’ స్పిన్లా?

అరసున్న: ఎప్పుడో విన్న ఉపన్యాసంలోని ముక్క ఒకటి బుర్రను తొలుస్తోంది. హెర్బర్ట్‌స్మిథైట్ అనే జింకు, రాగి ఖనిజం గురించి, “ఎంత చల్లబరచినా కుదురని స్పిన్లు” అన్నట్టు గుర్తు. స్పిన్లంటే దాని రాగి అయాన్లలోని బుల్లి అయస్కాంతాలు. ‘కుదురని’ అన్నారా, ‘కుదరని’ అన్నారా?

పొల్లు: తేడా ఏముంది? కదులని, కదలని లాంటిదే. ఉత్వం పాతది, అత్వం వాడుకది.

శకటరేఫ: వ్యాకరణం వరకు సరే. ‘కుదరని’ అనగానే బేరం, రాజీ గుర్తొస్తాయి. త్రిభుజం మూలల్లో మూడు స్పిన్లు, ప్రతిదీ పక్కదానికి ఎదురుగా నిలవాలి. రెండు సర్దుకున్నాక మూడోది ఎటు తిరిగినా ఒకదానితో పేచీ. అది రాజీ కుదరకపోవడం. ‘కుదురని’ అంటే నిలకడ లేనివి. మొదటిది కారణం, రెండోది ఫలితం.

గసడదవ: రాజీ కుదరదని ఎవరన్నారు? పైకీ కిందికీ తప్ప తిరగలేని స్పిన్లకే ఆ పేచీ. సున్నా కెల్విన్ దగ్గర కూడా ఎంట్రోపీ, అంటే చిందరవందరతనం, మిగిలిపోతుందని 1950లో భౌతిక శాస్త్రవేత్త వానియర్ లెక్కకట్టింది వాటికే. ఎటైనా తిరగగలిగితే ఒకదానికొకటి 120 డిగ్రీల కోణంలో సర్దుకుంటాయి, త్రిభుజ జాలకంలో చక్కని క్రమమే వస్తుంది. త్రిభుజాలు మూలల దగ్గర మాత్రమే కలిసే కగోమే అల్లికలో అసలు చిక్కు, ఈ ఖనిజంలో రాగి అయాన్లది అదే అల్లిక. ‘కుదరని’ అని ఊరుకుంటే హెర్బర్ట్‌స్మిథైట్ ప్రత్యేకత ఏముంది?

పొల్లు: కగోమే అంటే జపాను భాషలో బుట్ట అల్లికలోని కన్ను. ఆ పేరు పెట్టినవాళ్లు ఇంత తగాదా పడి ఉండరు.

అరసున్న: నేనడిగింది ‘దు’ గురించి.

శకటరేఫ: అక్కడికే వస్తున్నాను. స్పిన్ల మధ్య బలం, ఉష్ణోగ్రత లెక్కలో చెబితే, దాదాపు 200 కెల్విన్లు. 50 మిల్లీకెల్విన్ల దాకా చల్లబరచి, మ్యూయాన్లనే, బుల్లి అయస్కాంతాల్లాంటి కణాలను లోపలికి పంపి చూశారు. క్రమం ఏర్పడి ఉంటే అక్కడి అయస్కాంత క్షేత్రంలో మ్యూయాన్ ఒక లయతో తిరిగేది. ఆ లయ కనిపించలేదు. ఇంతకన్నా కుదురు లేకపోవడం ఏముంటుంది? ఉత్వమే.

విసర్గ: ‘విలోల’ అంటే పోదా? గజేంద్రుడి ధైర్యం విలోలంబయిందన్నాడు పోతన. వెంటనే ప్రాణాలు ‘ఠావుల్ దప్పెను’ అనీ అన్నాడు. ‘ఠావు తప్పిన స్పిన్లు’, ఎంత బాగుందో!

గసడదవ: తప్పడానికి ముందు ఠావు ఉండాలి కదా. వీటికి ఏనాడూ లేదు. పైగా గజేంద్రుడిది అలసట. ఇక్కడ వేడి పోయినా ఆగని క్వాంటం చలనం. 2012లో న్యూట్రాన్లతో చూసినప్పుడు పదునైన గీతలకు బదులు పరచుకున్న మరక కనిపించింది. స్పిన్ ముక్కలై స్పినాన్లుగా తిరుగుతోందనడానికి దాన్నే చూపిస్తారు. జింకు చోట చేరిన రాగి అయాన్ల గొడవ తేలనిదే అదీ తేలదనుకోండి.

పొల్లు: అది ‘తావు’ కాదా? ప్రాస వకారం, రెండూ సరిపోతాయి.

విసర్గ: ప్రాస సరే, యతి? అదే పాదంలో ‘డస్సెన్’ ఉంది. ఠకారానికి డకారంతో మైత్రి, తకారానికి లేదు.

పొల్లు: అంటే యతి కోసం తావును ఠావు చేశాడన్నమాట.

విసర్గ: పోతన యతి కోసం మాటను వంచాడా! నిఘంటువు తీయండి, ఠావు విడిగానే ఉంది.