కోల్‌కతా భోజన హోటల్లో బెంగాలీలో ఆర్డర్ చెప్పడం ఎలా? నాలుగు రోజులుగా కాకరకాయే తింటున్నా

గుంటూరు_మిర్చి:

అందరికీ నమస్తే. ఆఫీసు వాళ్లు నన్ను కోల్‌కతా వేశారు, సెక్టార్ ఫైవ్‌లో పని, వచ్చి రెండు నెలలైంది. మాల్‌లోనో యాప్‌లోనో తింటే ఏ గొడవా లేదు, హిందీతో బండి నడిచిపోతుంది. కానీ మా ఆఫీసు వెనక సందులో చిన్న భోజన హోటలొకటి ఉంది, మధ్యాహ్నం కాలు పెట్టే చోటుండదు, మెనూ కార్డు లేదు, గోడకున్న నల్లబోర్డు మీద సుద్దముక్కతో బెంగాలీలో ఏదో రాసి ఉంటుంది. వడ్డించే పెద్దాయన వచ్చి పక్కన నిలబడి, రైల్లో స్టేషన్ల పేర్లు చదివినట్టు కూరలన్నీ ఒక్క గుక్కలో చెప్పేస్తాడు. నా చెవికి అందేది మొదటి పేరొక్కటే. సరే అదే ఇవ్వండి అంటాను. నాలుగు రోజులూ కాకరకాయే వచ్చింది.

నిన్నయితే ఇంకా ఘోరం. అన్నం వడ్డిస్తుంటే అలవాటు కొద్దీ "చాలు చాలు" అన్నాను, ఆయన అయోమయంగా చూసి ఇంకో గరిటె వేశాడు. చివర్లో పెరుగన్నానికని కొంచెం అన్నం పక్కన పెట్టుకుని, పెరుగుని దోయి అంటారని తెలుసు కాబట్టి ధైర్యంగా "దోయి" అన్నాను. ఇటుక రంగులో, చిన్న మట్టి ముంతలో, పాయసమంత తీపిగా వచ్చింది. అన్నంలో కలిపేశాక గానీ తెలియలేదు. ఉప్పు కూడా వేసుకున్నానండీ.

భాష నేర్చుకునే యాప్ ఒకటి వేసుకుంటే "నేను విద్యార్థిని, ఆమె నా అక్క" అని నేర్పిస్తోంది. వీటితో నాకు అన్నం పెడతారా? ఓ పది మాటలు చెప్పండి చాలు, మధ్యాహ్నం గట్టెక్కుతాను.

ఖరగ్‌పూర్_బాబు:

నవ్వాపుకోలేకపోయా, ఏమీ అనుకోకండి. మాది ఖరగ్‌పూర్, తాతగారు రైల్వేలో చేరి ఇక్కడే ఉండిపోయారు, నాకు బెంగాలీ వీధిలో వచ్చింది, తెలుగు ఇంట్లో వచ్చింది.

మీకు రోజూ కాకరకాయ ఎందుకొస్తోందంటే, ఆయన కూరలు చెప్పేది తినే వరసలో. బెంగాలీ భోజనం చేదుతో మొదలవుతుంది, శుక్తో అనే చేదు కూర గానీ, ఉచ్ఛే భాజా అనే కాకరకాయ వేపుడు గానీ. తర్వాత పప్పు, దాంతో వేపుళ్లు, ఆపైన కూర, చేప, మాంసం. చివర్లో చాట్నీ, అప్పడం, మిఠాయి. కాబట్టి మొదటి పేరు పట్టుకున్నంత కాలం మీకు చేదే. చాట్నీ అన్నారు కదా అని మన పచ్చడిలా మొదటి ముద్దలో కలుపుకోకండి, టమాటా ఖర్జూరం వేసి బెల్లం పాకంలా తియ్యగా చేస్తారు, అది ఆఖర్న నాక్కోవడానికి.

ఇక మాటలు. పిలవడానికి "దాదా" చాలు, మన అన్నా లాగా. "కీ ఆఛే?" అంటే ఏమున్నాయి. ఇవ్వండి అనడానికి "దిన్", ఇంకొంచెం మర్యాదగా "దేబెన్". "దావ్" అనేది కూడా వినపడుతుంది, అది నువ్వు అనే చనువుకి, పెద్దాయనతో వద్దు. ఒకటికి "ఏక్‌టా" అని రాస్తారు గానీ పలికేటప్పుడు "యాక్‌టా"కి దగ్గరగా ఉంటుంది, రెండుకి "దుటో", మూడుకి "తిన్‌టే". "ఆర్ ఎక్టు భాత్ దిన్" అంటే ఇంకొంచెం అన్నం పెట్టండి. ఆపమనడానికి "థాక్ థాక్" అని చెయ్యి అడ్డం పెట్టండి. మీ "చాలు" ఆయనకి "చాల్"లా వినపడి ఉంటుంది, చాల్ అంటే వాళ్లకి బియ్యం. బియ్యం బియ్యం అని అరిస్తే ఇంకో గరిటె వేయక ఏం చేస్తాడు!

పెరుగుకి "టోక్ దోయి" అనాలి, టోక్ అంటే పులుపు. ఉత్త దోయి అంటే మిష్టి దోయి వచ్చే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. చిన్న హోటళ్లలో పుల్లది చాలాసార్లు దొరకదు, నేను బయట కొనుక్కుని డబ్బా పట్టుకెళ్తాను, ఎవరూ ఏమనరు.

మంచినీళ్లు కావాలంటే "జోల్". ఇంకోటి, తాగడానికీ వాళ్లు తినడమే అంటారు, జోల్ ఖాబో, చా ఖాబో. మొదట్లో వింతగా ఉంటుంది. మీరు గుంటూరు కాబట్టి ముందే చెప్తున్నా, కూరలు అప్పటికే వండేసి ఉంటాయి, కారం ఎక్కువ వేయమంటే కుదరదు. "కాంచా లొంకా దిన్" అనండి, పచ్చిమిరపకాయలు తెచ్చి పెడతారు. కొరుక్కోండి.

పైస్ హోటళ్లని పాతకాలపు చవక భోజన హోటళ్లుంటాయి, వాటికి వెళ్తే అరిటాకుకీ నిమ్మచెక్కకీ కూడా విడిగా లెక్క కడతారు, మోసం చేశారనుకోకండి, ఏది తింటే దానికే డబ్బు అనేదే ఆ హోటళ్ల పద్ధతి. కాలేజ్ స్ట్రీట్ దగ్గర స్వాధీన్ భారత్ హిందూ హోటల్ అని ఉంది, నేతాజీ చదువుకునే రోజుల్లో అక్కడ తినేవారని చెప్పుకుంటారు, ఒకసారి వెళ్లిరండి.

పప్పూఅన్నం_లక్ష్మి:

ఖరగ్‌పూర్ బాబు గారు శాకాహారుల్ని మర్చిపోయారు. నేను అక్కడ రెండేళ్లు చదివాను, మాంసం చేప గుడ్డు ఏదీ ముట్టను. పప్పే కదా అని తీసుకుంటే చేప తలకాయ తేలింది, కావాలనే వేసి వండుతారు పెసరపప్పులో. సొరకాయ కూరలో రొయ్యలు, క్యాబేజీలో మళ్లీ చేప తల. అవన్నీ వాళ్లకి మహా ప్రీతి. అందుకని ప్రతిదానికీ "ఏతే మాఛ్ నేయి తో?" అని అడిగేదాన్ని. ఇందులో చేప లేదు కదా అని. ఆ చివరి "తో" అచ్చంగా మన "కదా"నే, అది తగిలిస్తే వాళ్ల మొహంలో కాస్త ఆప్యాయత కనిపిస్తుంది.

"నిరామిష్" అనే మాట నేర్చుకోండి, అది మామూలుగా ఉల్లి వెల్లుల్లి కూడా లేని శాకాహార వంట. కానీ దాన్ని కూడా గుడ్డిగా నమ్మకండి, కాళీమాతకి నైవేద్యం పెట్టే మేకమాంసం ఉల్లి వెల్లుల్లి లేకుండా వండుతారు, దాని పేరే నిరామిష్ మాంగ్షో! "ఛాడా" అంటే లేకుండా. టీకి "చిని ఛాడా" అంటే పంచదార లేకుండా ఇస్తారు.

ఆకివీడు_చెరువు:

మాది చేపల వ్యాపారం. మీరు అక్కడ తినే రుయి మన శీలావతే, కాత్లా మన బొచ్చె, అందులో చాలావరకు మా వైపు చెరువుల్లోంచి ఐస్ కొట్టి లారీల్లో హౌరా పంపిన సరుకే. వాళ్లు దాన్ని చాలానీ మాఛ్ అంటారు, బయటనుంచి వచ్చిన చేప అని, కొంచెం చిన్నచూపుతో. పండుగప్ప అక్కడ భేట్‌కి, రొయ్య చింగ్డి.

వానాకాలంలో ఇలిష్ అడగండి. మన పులసే అది. ఇలిష్ చెప్తే "పేటి నా గాదా?" అంటారు. పేటి అంటే పొట్ట ముక్క, కొవ్వుంటుంది, ముళ్లు తక్కువ. గాదా వీపు వైపు, సన్న ముళ్లు వెంట్రుకల్లా ఉంటాయి. కొత్తవాళ్లు కళ్లు మూసుకుని పేటి అనండి. ఆవపిండి పెట్టి చేసింది షోర్షే ఇలిష్.

గుంటూరు_మిర్చి:

అందరికీ థాంక్స్. ఈరోజు వెళ్లాను. "దాదా, కీ ఆఛే?" అనగానే పెద్దాయన ఒక్క క్షణం ఆగి, ఈసారి చాలా నెమ్మదిగా చెప్పాడు, నాకోసమే. కాత్లా చెప్పి, పేటి అడిగి, నాలుగు పచ్చిమిరపకాయలు తెప్పించుకున్నాను. రెండోది కొరుకుతుంటే పక్క బల్ల వాళ్లు తినడం ఆపి చూశారు. అన్నం దగ్గర "థాక్ థాక్" కూడా పనిచేసింది.

అంతా బాగానే జరిగింది, "కోతో హోలో?" అని డబ్బు ఎంతైందో అడిగే దాకా. ఆయన "ఏక్‌షో కుడి" అన్నాడు. నేను కుడిపక్కకి తిరిగి చూశాను. అక్కడ చేతులు కడుక్కునే కుళాయి ఉంది. ఇదేంటో ఎవరైనా చెప్పండి.

ఖరగ్‌పూర్_బాబు:

కుడి అంటే ఇరవై. నూట ఇరవై అయింది మీకు.