స్వాలోఫీల్డ్ మేనర్ హౌస్‌లో తెలుగు పనివారి జాడ

కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిన వజ్రాన్ని 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి అమ్మిన మద్రాసు మాజీ గవర్నరు థామస్ పిట్, ఆ తరువాత ఇంగ్లండులోని బర్క్‌షైర్‌లో స్వాలోఫీల్డ్ అనే చిన్న పల్లెలోని జమీందారీ భవనమైన మేనర్ హౌస్‌ను కొని, 1726లో అక్కడే మరణించారు. ఆయన ఇంట మద్రాసు నుంచి వెళ్ళిన తెలుగు పనివారెవరైనా ఉన్నారేమోనని వెతుకుతున్నాను.

ఆ కాలపు చర్చి రిజిస్టర్ల నకళ్ళలో బాప్తిస్మాలు, ఖననాలు చూశాను. అప్పట్లో అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది కనుక జనవరి, ఫిబ్రవరి నమోదులను మరుసటి ఏడాదివిగా లెక్కించి చదివాను. బాప్తిస్మం తీసుకున్నవారికి జాన్, థామస్ వంటి పేర్లే రాయడం వల్ల స్వదేశం తెలియడం లేదు. మేనర్ కోర్టు (ఆ ఎస్టేటు స్థానిక న్యాయస్థానం) పత్రాలు ప్రధానంగా భూమి కౌలుదారులవే కాబట్టి ఇంటి పనివారి జాడ తీయడానికి అవి అక్కరకు రాలేదు.

బ్రిటిష్ లైబ్రరీలోని ఈస్టిండియా కంపెనీ రికార్డులలో, మద్రాసు నుంచి ఓడ ఎక్కిన సేవకుల పేర్ల కోసం ఏ శ్రేణిని ముందుగా చూడాలో తెలిసినవారు చెప్పగలరా?