టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్ స్టేషన్‌లో కమానుల తొలగింపు సమంజసమేనా?

గాజుపలుకు:
లండన్ భూగర్భ రైల్వేలోని టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్ స్టేషన్ గోడలను శిల్పి ఎడ్వర్డో పావొలోజ్జి 1980లలో రంగురంగుల గాజుపలుకుల మొజాయిక్‌తో తీర్చిదిద్దారు. స్టేషన్ విస్తరణలో భాగంగా 2015లో ఎస్కలేటర్ల పైనున్న ఆయన కమానులను తొలగించారు. వేలమంది సంతకాలు చేసి అభ్యంతరం చెప్పినా ఫలితం లేకపోయింది. ఆ పని తప్పేనని నా అభిప్రాయం. చట్రంలో బిగించిన పటాన్ని ఒక గోడ మీద నుంచి తీసి మరో గోడకు తగిలించవచ్చు గాని, ఒక్కొక్క పలుకే అతికించుకుంటూ పోయిన మొజాయిక్‌ను గోడ నుంచి విడదీస్తే అది ముక్కలుగానే చేతికి వస్తుంది.

నిత్యప్రయాణికుడు:
గాజుపలుకు గారూ, మీ ఆవేదన అర్థమైంది. అయితే అది 1900లో తెరిచిన స్టేషన్. విస్తరణకు ముందే రోజుకు దాదాపు లక్షన్నర మంది వచ్చిపోయేవారు. కొత్త టికెట్ హాలు పాతదానికి సుమారు ఆరు రెట్లు పెద్దది. మొజాయిక్‌లో 95 శాతం అలాగే ఉంచామని రవాణా సంస్థ చెబుతోంది. అన్నిటికంటే ముఖ్యంగా, లిఫ్టులు వచ్చింది ఈ విస్తరణతోనే; లిఫ్టు లేని స్టేషన్‌లో ఎంత గొప్ప కళ ఉన్నా చక్రాల కుర్చీలో వచ్చే మనిషి దాన్ని చూడనే లేడు.

గాజుపలుకు:
లిఫ్టు విషయంలో మీ మాట కాదనలేను. విస్తరణ వద్దని కూడా నేననలేదు. కాని 95 శాతమన్నది వైశాల్యం లెక్క. పోయిన 5 శాతంలో ఎస్కలేటర్ ఎక్కేవారు తలెత్తగానే ఎదురయ్యే కమానులున్నాయి. గుడి మొత్తం ఉంచి గాలిగోపురం తీసేసినా వైశాల్యంలో తగ్గేది కొంచెమే కదా.

ప్లాట్‌ఫారం మీద మిగిలిన సాక్సఫోన్ బొమ్మను దగ్గరగా చూడండి. రైలు లోపలికి వస్తున్నప్పుడు దాని వెలుగు పడి, కాస్త ఎగుడుదిగుడుగా కూర్చిన పలుకులు ఒకదాని తర్వాత ఒకటి మెరుస్తాయి. సాక్సఫోన్ అక్కడెందుకంటే, పైన వీధుల్లో వాద్యాల దుకాణాలు ఉండేవి. కెమెరాలూ యంత్రాల పళ్లచక్రాలూ ఆ ప్రాంతపు వ్యాపారాన్నీ, ముఖాకృతులు సమీపంలోని బ్రిటిష్ మ్యూజియాన్నీ తలపిస్తాయి. తొలగించిన కమానుల ముక్కలు ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చేరాయి. పావొలోజ్జి చదువుకున్న ఊరు గనుక వాటికి అక్కడ ఆదరణ దొరికింది, సంతోషమే. అయినా అక్కడ ఆ వీధీ లేదు, ఆ ఎస్కలేటరూ లేదు.

నిత్యప్రయాణికుడు:
వైశాల్యం గురించి మీరన్నది నిజమే, ఆ వాదన వెనక్కు తీసుకుంటున్నాను. కాని ఎస్కలేటర్ల స్థానమే మారవలసి వచ్చినప్పుడు వాటి మీది కమానులను ఎలా నిలబెట్టాలి?

గాజుపలుకు:
ఆ ప్రశ్న నక్షా గీసే రోజున, ఏ గోడలు తీయాలో గుర్తించేటప్పుడే అడగవలసింది. ప్రజలకు తెలిసేసరికి పని సగం దాటింది. నా కోపమంతా ఆ ఆలస్యం మీదే. అదే స్టేషన్‌లో 2017లో ఫ్రెంచ్ కళాకారుడు డానియెల్ బ్యూరెన్ చేసిన వృత్తాలూ వజ్రాకారాలూ ఉన్నాయి. ఆ గోడల మీద చేయి వేసే ముందు ఎవరిని సంప్రదించాలో ఇప్పుడే రాతపూర్వకంగా ఖరారు చేయాలి.