బావిలో బండను నీళ్ల ప్రెషర్‌తో పగలగొట్టొచ్చా?

దేవరకొండ రైతు:
అన్నలారా, తాతల నాటి మోటబావి మాది. పన్నెండు గజాల లోతున గ్రానైట్ బండ తగిలి ఆగింది. బండ నెర్రెలోంచి ఉగాది దాకా ఊట వస్తుంది, తర్వాత చుక్క రాదు. ఇంకో రెండు గజాలు దింపాలి. తూటాలు పెడదామంటే మా అన్న ఇల్లు ముప్పై అడుగుల్లోనే ఉంది, వదిన ఒప్పుకోవట్లేదు. నీళ్ల ధారతో ఇనుము కోసే వీడియో చూశాను. కార్లు కడిగే పంపుకన్నా పెద్దది అద్దెకు తెస్తే పనవుతుందా?

వాటర్‌జెట్ ఆపరేటర్:
తమ్మీ, నేను రోజూ ఆ మిషన్ మీదే గ్రానైట్ కోస్తాను. కార్లు కడిగే పంపు ప్రెషర్ నూరు, నూటయాభై బార్. మాది 4000 బార్ దాకా పోతుంది. ధార సూదంత సన్నం, శబ్దానికి రెండింతల వేగం. అయినా గార్నెట్ అనే గట్టి రాతి ఇసుక కలిపితేనే రాయి తెగుతుంది. నాజిల్ రాయికి రెండు మూడు మిల్లీమీటర్లలో ఉండాలి, కాస్త పైకి లేస్తే ధార విచ్చుకుపోతుంది. ఒకసారి ఉత్త నీళ్లతో కొట్టి చూశాను. గీత పడలేదు. నీరు సందుల్లో దూరి ఒక్కో పలుకునూ ఊడదీసింది, రాయి మీద గుంటలు మిగిలాయి. మా మిషన్ సన్నగా కోస్తుంది, నీకేమో బండ ముక్కలై పైకి రావాలి.

పెద్ద పంపు దొరికినా బావిలోకి మాత్రం దింపకు. మా తోటి పనివాడి వేలికి ధార తగిలింది. పైకి సూది గుచ్చినంతే ఉంది, నొప్పి కూడా పెద్దగా లేదన్నాడు. సాయంత్రానికి చెయ్యంతా వాచింది, ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. అలా తగిలితే వాపు కోసం చూడకుండా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

కంప్రెషర్ మేస్త్రి:
నీ బావికి పగుళ్ల పౌడర్ సరిపోతుంది బిడ్డా. సున్నం జాతి మందు అది. కంప్రెషర్‌తో అడుగుకొకటి చొప్పున బొక్కలు వేసి, చల్లని నీళ్లలో కలిపి పొయ్యాలి. అది ఉబ్బి, తెల్లారేసరికి బండ నెర్రెలిస్తుంది. చప్పుడు, అదురు ఉండవు. ముందు నడుమ కొంత రాయి తీసి గుంత చెయ్యి, బండ జరగడానికి చోటుండాలి. ఎండాకాలం పొద్దుగూకినాక పొయ్యి. వేడికి మందు పైకి చిమ్ముతుంది, బొక్కలోకి తొంగి చూస్తే కండ్లు పోతాయి.

దేవరకొండ రైతు:
మందు ఊట నెర్రెలోకి పోతే నీళ్లు ఆగిపోవా బాబాయ్?

కంప్రెషర్ మేస్త్రి:
మంచి మాట అడిగినవ్. ఊట దిక్కు రెండడుగులు వదిలెయ్. మిగతా బొక్కల్లో తడి కనిపిస్తే ప్లాస్టిక్ సంచి గొట్టంలా దింపి అందులో పొయ్యి. ఊట పక్క రాయిని శానం, సుత్తితోనే తియ్యాలి, నాలుగు రోజులు ఎక్కువ పట్టినా సరే.