అన్నం మానేసినా అమ్మకు షుగర్ ఎందుకు తగ్గడం లేదు?

ప్రశ్న: తెనాలివాసి

మా అమ్మగారికి 62 సంవత్సరాలు. తొమ్మిదేళ్లుగా మధుమేహం ఉంది. రెండు పూటలా మెట్‌ఫార్మిన్, ఉదయం గ్లిమెపిరైడ్ మాత్రలు వేసుకుంటారు. షుగర్ ఉన్నవారు అన్నం ముట్టకూడదని బంధువులు చెప్పడంతో ఏడాది క్రితం అన్నం పూర్తిగా మానేశారు. ఇప్పుడు ఉదయం పెద్ద గ్లాసుడు రాగి జావ, మధ్యాహ్నం రెండు జొన్న రొట్టెలు, సాయంత్రం టీతో పంచదార లేని బిస్కెట్లు, రాత్రి చపాతీలు, బంగాళాదుంప కూర తీసుకుంటున్నారు. ఇంత నిష్ఠగా ఉన్నా పరగడుపున 160, భోజనం చేసిన రెండు గంటలకు 240 వస్తున్నాయి. మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 8.6 శాతం ఉంది. మొన్న శనివారం ఉపవాసం ఉన్నప్పుడు మాత్రం సాయంత్రం చెమటలు పట్టి చేతులు వణికితే, మీటరులో 58 చూపించింది. ఒకే మనిషికి ఇంత ఎక్కువ, ఇంత తక్కువ ఎలా వస్తున్నాయో అర్థం కావడం లేదు. ఆహారంలో ఇంకేమి మానేయాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1: పోషకాహార సలహాదారు

ఇంకేమీ మానేయనక్కరలేదండీ, ముందు కొలవండి. మా దగ్గరకు వచ్చేవారిలో చాలామందికి ఏది తినకూడదో కంఠతా వచ్చు కానీ, తింటున్నది ఎంతో చెప్పమంటే తడుముకుంటారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో దాదాపు 78 గ్రాముల పిండిపదార్థం ఉంటే, అంతే బరువు గల జొన్నల్లోనూ రాగుల్లోనూ 67 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. అంటే తేడా ఉన్నది కానీ, జనం అనుకునేంత లేదు. అసలు మేలు పీచులో ఉంది: బియ్యంలో మూడు గ్రాములకు లోపు, జొన్న, రాగుల్లో పది గ్రాములకు పైన. అయితే రొట్టెకు 60 గ్రాముల పిండి పట్టిందనుకుంటే, రెండు రొట్టెలతో 80 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్తుంది. 100 గ్రాముల బియ్యం వండుకుని తిన్నా దాదాపు అంతే వెళ్తుంది.

జావ సంగతి వేరు. మెత్తగా విసిరిన పిండిని నీళ్లలో ఉడికించి తాగితే, నమిలే పని లేకుండా త్వరగా అరిగి రక్తంలోకి చేరుతుంది. అందులో బెల్లం కలుపుతున్నారా అన్నది కూడా అడగండి. బెల్లాన్ని పంచదారగా లెక్కవేయని ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. పంచదార లేని బిస్కెట్లలోనూ మైదా ఉంటుంది, దాని లెక్క దానిదే. బంగాళాదుంప కూరతో చపాతీ తినడమంటే పిండికి పిండిని నంజుకోవడమే. ఆ పూట బీరకాయో, గోరుచిక్కుడో, పెసరపప్పో పెట్టండి.

జవాబు 2: కరీంనగర్ పెద్దాయన

నాకు పద్దెనిమిదేళ్లుగా షుగర్ ఉంది. నేను అన్నం మానలేదు, కొలత పెట్టుకున్నాను. మధ్యాహ్నం ఒక కప్పు అన్నానికి రెండు కప్పుల కూర, ఒక కప్పు పప్పు. ముందు కూరా పప్పూ సగం తిన్న తరువాతే అన్నం కలుపుతాను. తిన్న తరువాత వచ్చే అంకె దీనితోనే దిగింది, మా డాక్టరు గారు కూడా ఈ వరుస మంచిదే అన్నారు. మా వైపు తెలంగాణ సోనా బియ్యానికి మంచి పేరుంది. తిన్నది రక్తంలో షుగర్‌ను ఎంత త్వరగా పెంచుతుందో చెప్పే గ్లైసెమిక్ సూచిక దానికి 51 పైచిలుకు అంటారు, 55 లోపు ఉంటే తక్కువ కిందే లెక్క. కానీ మా పక్కింటాయన ఆ ధైర్యంతో రెండు పళ్లేలు తిని, బియ్యం మంచివి కావని తిట్టుకుంటున్నారు. మీరు పరగడుపు అంకె ఒక్కటే చూడకుండా, ఒక వారం పాటు ఏదో ఒక పూట తినే ముందూ, తిన్న రెండు గంటలకూ చూసి రాసిపెట్టండి. ఏ వంట ఏం చేస్తున్నదో ఆ కాగితమే చెబుతుంది.

జవాబు 3: మందుల దుకాణం నడిపేవారు

పై ఇద్దరూ చెప్పినది సరైనదే కానీ, ఒక హెచ్చరిక మిగిలింది. శనివారం వచ్చిన 58కి కారణం ఉపవాసం ఒక్కటే కాదు, ఉపవాసం నాడు కూడా వేసుకున్న గ్లిమెపిరైడ్. అది తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. కాబట్టి ఆహారం తగ్గించే ముందు, ఉపవాసాలకు ముందు, మాత్ర మోతాదు గురించి వైద్యుడిని తప్పక అడగాలి. మీ అంతట మీరు మార్చకండి. 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తరువాత మళ్లీ పరీక్షించాలి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకువెళ్లాలి. పప్పు బాగా పెంచే ముందు క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించండి. మూత్రపిండాలు దెబ్బతిని ఉంటే లెక్క మారుతుంది.

తెనాలివాసి

ఆదివారం ఇంటికి వెళ్లి తూచాను. ఒక్కో రొట్టెకు 70 గ్రాముల పిండి పడుతోంది. జావలో చిన్న బెల్లం ముక్క వేసుకుంటున్నారట, "అది తీపి కోసం కాదురా, రుచి కోసం" అన్నారు. రొట్టె ఒకటి చేసి, కూర రెండింతలు చేయడానికి ఒప్పుకున్నారు. జావ బదులు పెసరట్టు పెడదామంటే మాత్రం ఆలోచిస్తానన్నారు. శనివారాల గురించి వైద్యుడిని కలిసేదాకా ఉపవాసం ఆపారు.

జవాబు 1: పోషకాహార సలహాదారు

జావ మానలేకపోతే బెల్లం తీసేసి, చిన్న గ్లాసులో మజ్జిగతో కలిపి, పక్కన గుప్పెడు ఉడికించిన శనగలు ఇవ్వండి. రెండు గంటల తరువాతి అంకె చూసి ఇక్కడ రాయండి.