కంపెనీ జీతం తీసుకునే డాక్టరు కార్మికుడి పక్షాన నిలబడగలరా?

తిరుపతి, హౌస్‌సర్జన్సీ ముగిసినవారు:
పీజీ సీటు రాలేదు. శ్రీసిటీ దగ్గర ఒక ఫ్యాక్టరీలో మెడికల్ ఆఫీసరుగా పిలిచారు. ఏఎఫ్ఐహెచ్ అని కార్మికుల ఆరోగ్యం మీద మూడు నెలల కోర్సు ఉంది, అదీ వాళ్లే చేయిస్తారట. నాకు ఇష్టమే. మా సీనియర్లు మాత్రం "కట్లు కట్టుకుంటూ, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ల మీద సంతకాలు పెట్టుకుంటూ కూర్చుంటావు, పైగా కంపెనీ మనిషివైపోతావు" అంటున్నారు. ఆ చివరి మాటకే నాకు టెన్షన్. చేరమంటారా?

రేణిగుంట, యూనియన్‌లో పనిచేసేవాడిని:
వద్దమ్మా. కళ్లారా చూసింది చెబుతున్నా. మా ఫ్యాక్టరీ షాపులో ఒకాయనకు ఏటా చేసే పరీక్షలో వినికిడి తగ్గిందని తేలింది. ఆ కాగితం ఆయన చేతికి రాలేదు, నేరుగా హెచ్ఆర్‌కు పోయింది. కాంట్రాక్టు మనిషి. మూడు నెలలకు గేటు పాసు రెన్యూ కాలేదు. డాక్టరు మంచివాడే, అందరినీ పేరు పెట్టి పలకరించేవాడు. అయినా అడిగితే ఇవ్వక తప్పలేదు గదా! అప్పటి నుంచి మావాళ్లు చెవిలో హోరున్నా లేదనే చెబుతున్నారు.

ఫ్యాక్టరీ డాక్టర్, 14 ఏళ్ల సర్వీసు:
అన్న చెప్పినట్టు జరుగుతుంది, కాదనను. కానీ అక్కడ తప్పిన పని ఏమిటో చూడాలి. శబ్దం వల్ల వచ్చే చెవుడు ముందు వినికిడి గ్రాఫులో, 4000 హెర్ట్జ్ అనే సన్నని స్వరం దగ్గర, గుంటలా కనబడుతుంది. ఆ దశలో మనిషికి మాటలు బాగానే వినిపిస్తుంటాయి, ఇంట్లోవాళ్లు కూడా పట్టుకోలేరు. ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, చేసేవాడే పట్టుకోవాలి. అదీ షిఫ్టు దిగి వచ్చినప్పుడు కాదు, రాత్రంతా చెవికి విశ్రాంతి దొరికాక పొద్దున్నే చేయాలి. ఒకే లైనులో నలుగురికి అదే గుంట కనబడితే రోగం మనుషుల్లో లేదు, మెషీన్లో ఉంది. అప్పుడు నేను పేర్లు లేకుండా "ఫలానా లైనులో శబ్దం తగ్గించండి" అని రాసిస్తాను. మొదటిసారి పట్టించుకోలేదు. మళ్లీ మళ్లీ రాశాను. మూడో ఏడు ఆ ప్రెస్ మెషీన్‌కు శబ్దం ఆపే కవచం పెట్టారు.

హెచ్ఆర్‌కు నేనిచ్చేది ఒక్క ముక్కే: ఈ పనికి ఫిట్, లేదా ఫలానా పని వద్దు. జబ్బు పేరు ఇవ్వను. రిపోర్టు కార్మికుడికే. చట్టం కూడా మన వెనకే ఉందమ్మా. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేర్చిన అధ్యాయం ప్రకారం, ప్రమాదకరమైన పదార్థాల మధ్య పనిచేసేవాళ్లకు తమ ఆరోగ్య రికార్డు చూసుకునే హక్కు వచ్చింది. ఆ చట్టం మూడో షెడ్యూల్లో 29 జబ్బులు చేర్చారు: సీసం విషం, రాతి దుమ్ములోని సిలికా వల్ల ఊపిరితిత్తులకు వచ్చే సిలికోసిస్, ఈ చెవుడు కూడా. వాటిలో ఏది అనుమానించినా వైద్యం చేసే డాక్టరు ఫ్యాక్టరీల చీఫ్ ఇన్‌స్పెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని అందులో ఉంది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన, కార్మికుల భద్రత, ఆరోగ్యాల మీద 2020లో చేసిన కొత్త కోడ్‌లోనూ ఈ బాధ్యత ఉంది.

కుప్పం, గ్రానైట్ కార్మికుడి కొడుకు:
మీకు గేటు, హెచ్ఆర్, డాక్టరు అన్నీ ఉన్నాయి. మా నాయనకు ఏదీ లేదు. చిన్న యూనిట్లో ఇరవై రెండేళ్లు చేశాడు. నీళ్లు పెట్టి కోసేటప్పుడు దుమ్ము అణిగే ఉంటుంది, అంచులు గ్రైండరుతో పొడిగా రుద్దేటప్పుడే లేస్తుంది. సాయంత్రానికి కనుబొమ్మలు తెల్లగా అయ్యేవి. ఆయాసం వస్తే టీబీ అన్నారు. తెమడలో క్రిమి కనబడకపోయినా రెండుసార్లు కోర్సు వాడించారు. అందరూ బీడీ తాగుతావా అనే అడిగారు. చివరికి తిరుపతిలో ఒక ఛాతీ డాక్టరు "ఏం పని చేసేవాడివి నాయనా?" అని అడిగాడు. అప్పటికి ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. అక్కా, మీరు ఎక్కడ చేరినా ఆ ప్రశ్న మాత్రం అడగండి.

ఫ్యాక్టరీ డాక్టర్, 14 ఏళ్ల సర్వీసు:
ఆ ప్రశ్న అడగమని ఇటలీలో రామజ్జిని అనే వైద్యుడు 1700లోనే రాశాడు తమ్ముడూ. ఎంబీబీఎస్‌లో మేమూ చదివాం. ఓపీలో మనిషికి రెండు నిమిషాలు దొరికితే అదే ముందు ఎగిరిపోతుంది. సిలికా దుమ్ము పట్టిన ఊపిరితిత్తులకు టీబీ తేలిగ్గా వస్తుంది, అందుకే ఆ డాక్టర్లు అటు వెళ్లి ఉంటారు. కానీ రెండో కోర్సు మొదలుపెట్టే ముందైనా అడగాల్సింది.

రేణిగుంట, యూనియన్‌లో పనిచేసేవాడిని:
డాక్టరు గారూ, మీరు మూడేళ్లు పట్టుబట్టారు. ఈ అమ్మాయి కొత్తగా చేరి మూడోసారి రాసేదాకా ఉంచుతారా? రిపోర్టు కార్మికుడికే ఇస్తానని నియామక పత్రంలో రాయించుకోగలిగితే చేరమనండి. నోటి మాటయితే నేను ఇప్పటికీ వద్దనే అంటాను.

తిరుపతి, హౌస్‌సర్జన్సీ ముగిసినవారు:
పొద్దున ఫోన్ చేసి ఆ మాటే అడిగాను. "పైవాళ్లతో మాట్లాడి చెబుతాం" అన్నారు. రాతలో వచ్చేదాకా సంతకం పెట్టను. కుప్పం తమ్ముడూ, నాయనకు సిలికోసిస్ అని రాసిచ్చిన చీటీ ఉందా? చీఫ్ ఇన్‌స్పెక్టరుకు రిపోర్టు వెళ్లిందా?

కుప్పం, గ్రానైట్ కార్మికుడి కొడుకు:
చీటీ ఉందక్కా, ఎక్స్‌రేతో పాటే పెట్టాం. రిపోర్టు ఒకటి పంపాలని ఈ రోజే తెలిసింది. సోమవారం నాయనను చూపించడానికి తిరుపతికే వస్తున్నాం, ఆ డాక్టరునే అడుగుతాను.