డేట్ వచ్చిందని చెప్పుకోలేక ముడుచుకుపోయిన ఏడో తరగతి పాప

పాలమూరు టీచర్:
అందరికీ నమస్తే. పాలమూరు వైపు ఒక కేజీబీవీలో (ఆడపిల్లల ప్రభుత్వ హాస్టల్ బడి) సైన్స్ చెప్తాను, నైట్ డ్యూటీలూ ఉంటాయి. మా ఏడో తరగతి పాప ఒకతి, అమ్మానాన్న పుణెలో బిల్డింగ్ పనికి వలస పోయారు. కబడ్డీ అంటే ప్రాణం. అలాంటిది దసరా సెలవుల తర్వాత గ్రౌండుకే రావడం లేదు. స్టడీ అవర్‌లో గంటసేపు ఒకే పేజీ చూస్తూ కూర్చుంటుంది.

మొన్న తెల్లవారుజామున నాలుగింటికి కుళాయి చప్పుడైతే టార్చి పట్టుకుని వెళ్లాను. యూనిఫాం ప్యాంటు ఉతుకుతోంది. నన్ను చూసి వెనక్కి దాచుకుంది. టార్చి ఆర్పేసి పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి, "టీచర్, నాకేమన్న రోగమా? అమ్మకు తెలిస్తే పని ఇడిసిపెట్టి వస్తది" అంది. రెండు నెలలుగా పాత గుడ్డలు ఉతికి, ఎవరూ చూడకుండా తడివే ట్రంకు పెట్టెలో పెట్టుకుంటోందట.

మా దగ్గర ప్యాడ్లు ఉన్నాయి, బీరువాలో. తాళం మా టీచర్ల దగ్గర. అదే నన్ను తినేస్తోంది. కౌమార దశ పాఠం ఎనిమిదో తరగతిలో వస్తుంది, వీళ్లకు డేట్ అంతకుముందే మొదలవుతోంది. ఈ పాపను వేలెత్తి చూపినట్టు కాకుండా మిగతా పిల్లలకు ఎలా చెప్పాలి? మళ్లీ ఆటకు ఎలా తీసుకురావాలి?

రిటైర్డ్ వార్డెన్:
అమ్మా, ముందు ఆ తాళం తీసేయండి. మా హాస్టల్లో బాత్రూమ్ దారిలో గోడ అరలో ప్యాడ్లు, పాత పేపర్లు, కింద మూత ఉన్న డబ్బా పెట్టించాను. మొదటి వారంలోనే అర ఖాళీ అయింది. రేపు దొరకవేమోనని పిల్లలు దాచుకున్నారు. తిట్టకుండా మళ్లీ నింపాం. నెల తిరిగేసరికి అవసరమున్నవాళ్లే తీసుకున్నారు. చెప్పడం క్లాసులో వద్దు. రాత్రి అన్నాలయ్యాక ఆరు, ఏడు తరగతులను కలిపి చాప మీద కూర్చోబెట్టుకోండి. తొమ్మిదో తరగతి అక్కలు ఇద్దరు మాట్లాడితే సగం భయం పోతుంది.

ఏఎన్ఎం అక్క:
మేడమ్, తడిగుడ్డ మాత్రం వెంటనే మాన్పించండి. దురద, పుండ్లు వస్తాయి. గుడ్డ వాడినా తప్పులేదు, సబ్బుతో ఉతికి ఎండలో ఆరాలి. మొదటి ఒకటి రెండేళ్లు నెలనెలా సరిగ్గా రాకపోవచ్చు, కంగారు వద్దు. వారం దాటినా ఆగకపోయినా, గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా పీహెచ్‌సీలో చూపించాలి, రక్తం పరీక్ష చేయించాలి. వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర అన్నం తిన్నాకే వేయించండి. ఖాళీ కడుపున వేస్తే వికారంతో పారేస్తారు. మలం నల్లగా వస్తుందని ముందే చెప్పండి, మా పిల్లలు దానికే హడలిపోయారు. దిగులు తగ్గకపోతే మనసు బాధలకు ప్రభుత్వ ఫోన్ సాయం, టెలి మానస్ 14416 ఉంది. 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

గురుకులంలో చదివినమ్మాయి:
టీచర్, వాళ్లమ్మతో ఫోన్ చేయించండి, కానీ ఆఫీసు రూములో వద్దు. నాకు డేట్ వచ్చిన వారం అమ్మతో మాట్లాడే వంతు వచ్చింది. వెనక పదిమంది లైన్లో ఉన్నారు. "బాగున్న" అని పెట్టేశాను. ఆ రోజు ఒక్క ఐదు నిమిషాలు ఎవరూ లేకుండా ఇచ్చి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆటకు రమ్మని బలవంతం చేయకండి, ముందు స్కోరు రాయమనండి. ఆడే ప్యాంటు ఏ రంగు? మాది తెల్లది. సగం భయం దానివల్లే.

పాలమూరు టీచర్:
పేరుపేరునా దండాలు. అర పెట్టేశాం, రెండుసార్లు నింపాను. ఆదివారం నా ఫోన్ పాపకిచ్చి నేను మెట్ల కింద నిలబడ్డాను. పావుగంట మాట్లాడింది. తర్వాత వాళ్లమ్మ నాతో, "నా బిడ్డ పెద్దమనిషైతే దగ్గర లేకపోతిని టీచరమ్మా, జర కొబ్బరి బెల్లం పెట్టు" అని ఏడ్చింది. కొబ్బరి, బెల్లం తెచ్చి చాప మీద అందరికీ పంచాం. పాపకోసమని ఎవరికీ చెప్పలేదు.

నిన్న గ్రౌండులో స్కోరు రాసింది. అవతలి జట్టు పిల్ల కూత మధ్యలో ఊపిరి తీసుకుంటే పుస్తకం పడేసి లేచి అరిచింది. మా ప్యాంట్లూ లేత రంగువే. నేవీ బ్లూకు మార్చమని మా బడి చూసుకునే ఎస్ఓ (స్పెషల్ ఆఫీసర్) మేడమ్‌ను రేపు అడుగుతాను.